బాగానే ఉందమ్మా

కెలమంగలం,
జూన్ 15, శనివారం.

ఉదయశ్రీ డాక్టరమ్మకు నంజమ్మ దండం పెట్టి రాస్తున్నది.

మీ నడుము ఆపరేషన్ అయి నేటికి నలభై రెండు రోజులు. ప్రతి సోమవారం హోసూరు కొండ ఎక్కి చంద్రచూడేశ్వరుడికి మీ పేరున అర్చన చేయిస్తున్నాను. కుట్లు మానాయని మీ మేనల్లుడు కార్తిక్ చెప్పాడు. అప్పటినుంచి నాకు అన్నం సయిస్తోంది.

"క్లినిక్కు మాటలు తెరలో, మన మాటలు కాగితం మీద" అన్నారు కదా. తెర చూసి మీ కళ్ళు మండుతున్నాయన్నారు, పైగా ఫోన్ చేస్తే నా పక్కన ఎప్పుడూ నలుగురు ఉంటారు. అందుకే వారం వారం పంపమన్న పేషెంట్ల చీటీల కవరులోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. కృష్ణగిరి బస్సు కండక్టర్ ఆంజినప్ప జాగ్రత్తగా చేరుస్తానన్నాడు.

మంగళవారం కార్తిక్ వచ్చి మీరు కనబడే వీడియో తెర బిగించి వెళ్ళాడు. బల్ల మీద పెడతానన్నాడు, నేను ఒప్పుకోలేదు. మీ కుర్చీలోనే, మీరు కూర్చునే ఎత్తుకు వచ్చేలా కింద రెండు దిండ్లు వేసి పెట్టించాను. జనం చెప్పులు బయట విడిచే వచ్చారు. రాగిచేను పిల్లప్ప అయితే మీరు "కూర్చో పిల్లప్పా" అనేదాకా నిలబడే ఉన్నాడు. కూర్చున్నాక నా చెవిలో, "అమ్మ యాడుంది?" అన్నాడు.

"కృష్ణగిరిలో, వాళ్ళింట్లో."

"మరి నా చెయ్యి ఎట్ల పట్టుకుంటాది?"

"నేను పట్టుకుంటానప్పా."

"నువ్వు పట్టుకుంటే ఏం తెలుస్తాది నంజమ్మా!" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మీరూ నవ్వారు, తెరలో చూశాను.

కానీ అతనన్నది నిజమే అమ్మా. పద్దెనిమిదేళ్ళుగా నేను పేర్లు పిలిచాను, బీపీ పట్టీ చుట్టాను, ఏడ్చేవాళ్ళకు నీళ్ళిచ్చి ధైర్యం చెప్పాను. చూసేది మీరు. ఇప్పుడు మీరు "కడుపు మీద చెయ్యి పెట్టు, గట్టిగా ఉందా మెత్తగా ఉందా చెప్పు" అంటుంటే ఒకటికి రెండుసార్లు నొక్కి చూసుకుంటున్నాను. పదో తరగతి చదువుకు ఇంత పని అప్పగిస్తున్నారు.

కార్తీక మాసానికి వచ్చేస్తానన్నారు. క్యాలెండర్‌లో ఆ నెల మీద పసుపుతో చుక్క పెట్టాను. అంతవరకే కదా అని ధైర్యం తెచ్చుకుంటున్నాను.

మీ
నంజమ్మ


కృష్ణగిరి,
జూలై 8.

నంజమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దిండ్ల సంగతి తెలియక, నేనెందుకు ఊగుతున్నట్టు కనబడుతున్నానని కార్తిక్‌ను అడిగాను. దిండ్లు తీసి గట్టి పలక వెయ్యి.

ఇప్పటికి ఏడు పూటలు కూర్చున్నాం. అరవై మూడుమంది. అక్కడికి వచ్చినప్పుడు రెండు పూటల్లో అంతమందిని చూసేదాన్ని. లైను తెగి మళ్ళీ కలిసేలోగా సగం మంది "సరేలెమ్మా, ఇంకోసారి వస్తాం" అని లేచిపోతున్నారు. కార్తిక్ ఏవో అంకెలు వేసి, "అత్తా, ఇది మీకు గిట్టదు. బెంగళూరు కంపెనీలో చేరండి. రోజుకు నలభైమందిని వాళ్ళే తెర ముందుకు పంపుతారు, మనిషికి నాలుగు నిమిషాలు" అన్నాడు. నాలుగు నిమిషాల్లో మన పిల్లప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకోవడం కూడా పూర్తి కాదని చెప్పాను.

గిట్టుబాటు సంగతి పక్కన పెట్టు. నాకు నమ్మకం చిక్కడం లేదు. తలుపు తీసి మనిషి నాలుగడుగులు నడిచి వస్తుంటేనే సగం తెలిసేది నాకు. ఊపిరి వాసన, చేతి తడి, కూర్చునేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారు అనేది. తెరలో మనిషి అప్పటికే కూర్చుని ఉంటుంది. తల నుంచి రొమ్ము దాకా ఒక ఫోటో. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టర్ని కిటికీ సందులోంచి తొంగి చూడమన్నట్టుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. మనవాళ్ళంతా తెర మీద తళతళలాడుతున్నారు. దగ్గుతో చిక్కి సగమైన మునెమ్మ కూడా పెళ్ళికి వచ్చినట్టుంది. ఏం తింటున్నారు అక్కడ?

నా నడుము బాగానే ఉంది. కార్తీకానికి వస్తాను, దిగులు పడకు.

ఉదయశ్రీ


కెలమంగలం,
జూలై 27, శనివారం.

డాక్టరమ్మకు నంజమ్మ నమస్కారాలు.

పలక వేయించాను. ఇప్పుడు ఊగరు.

పోయిన వారం శుక్రవారం పిల్లప్ప కాలి పుండు చూపించనన్నందుకు మీకు కోపం వచ్చింది. అసలు సంగతి మీకు చెప్పలేదు. నేను స్టూలు వేసి కాలు పైకి పెట్టమంటే బయటికి వచ్చి నాతో పోట్లాడాడు. "అమ్మ మొగానికి ఎదురుగా కాలు పెడతానా? నాకేం పొయ్యేకాలమా?" అన్నాడు. "అది తెరప్పా, అమ్మ కాదు" అంటే, "అట్లయితే నువ్వు దానికి దండం ఎందుకు పెడతావు పొద్దున్నే?" అని అడిగాడు. చివరికి అతన్ని గుమ్మం అవతల కూర్చోబెట్టి నేను పుండుకు ఫోటో తీసి పంపాను. మీరు రాసిన మందుతో చీము తగ్గింది.

పట్టుపురుగుల సుబ్బరాయప్ప కోడలు ప్రేమను చూశారు కదా. రెండో కాన్పు అయి రెండు నెలలు. అత్త కాళమ్మ దగ్గరుండి తీసుకొచ్చింది. మీరు "రక్తపరీక్ష చేయించండి, తొందరేమీ లేదు, హోసూరు వెళ్ళినప్పుడు చూసుకోండి" అన్నాక కాళమ్మ మనసు కుదుటపడింది. పసిబిడ్డతో బస్సెక్కించడం ఆమెకు ఇష్టం లేదు. పాలిచ్చే తల్లికి అలసట ఉండదా అమ్మా? బాగానే ఉంది.

మీ నడుముకు నువ్వులనూనె వెచ్చచేసి పట్టిస్తున్నారా? మీరు రాయలేదు.

మీ
నంజమ్మ


కృష్ణగిరి,
ఆగస్టు 10.

నంజమ్మా,

ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. ప్రేమ బుధవారం బట్టలుతికే బండ దగ్గర పడిపోయింది. ఇక్కడి పెద్దాసుపత్రికి తెచ్చారు. పన్నెండు ఉండాల్సిన రక్తం నాలుగుకు దిగిపోయింది. ఇంకొక్కరోజు ఇంట్లో ఉంటే గుండె ఆగేదని అక్కడి నర్సు, నా పాత శిష్యురాలు, ఫోన్ చేసి చెప్పింది. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ప్రాణానికి భయం లేదు.

నేను ఆ పిల్ల మొహాన్ని పదకొండు నిమిషాలు చూశాను. చీటీలో టైము రాసి ఉంది. తల తిరుగుతోందని ఏదో అంది. నిండుగా, కళగా ఉన్న మొహం చూసి, కంటి కింది రెప్ప బాగుందని నువ్వు అంటే విని, "తొందరేమీ లేదు" అని నా నోటితో అన్నాను. ఆ పిల్ల నా గది తలుపు తీసుకుని నాలుగడుగులు నడిచి వచ్చి ఉంటే, కూర్చోకముందే అంబులెన్స్ పిలిచి ఉండేదాన్ని.

ఆసుపత్రి మా ఇంటికి రెండు కిలోమీటర్లు. వెళ్ళి చూడలేదు. నడుము వల్ల అని ఇంట్లో చెప్పాను. నడుము వల్ల కాదు.

ఈ నెలాఖరుతో తెర మూసేద్దాం. ఇది వైద్యం కాదు. డాక్టర్ ఉందన్న భ్రమ. భ్రమ లేకపోతే కాళమ్మ ఆ పిల్లను తిట్టుకుంటూ అయినా హోసూరు తీసుకెళ్ళేది. వచ్చేవాళ్ళకు హోసూరుకో దెంకనికోటకో వెళ్ళమని చెప్పు.

ఉదయశ్రీ


కెలమంగలం,
ఆగస్టు 17, శనివారం.

అమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. దేవుడి ముందు దీపం పెట్టి ఇది నాలుగోసారి రాస్తున్నాను.

మనవాళ్ళు తెరలో ఎందుకు తళతళలాడుతున్నారని అడిగారు. నేను జవాబు రాయలేదు. మీ ఎదుటికి వచ్చేవాళ్ళు చూడముచ్చటగా ఉండాలని బయటి గదిలో అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా పెట్టాను. ఫోటోకు కూర్చునేటప్పుడు చేసుకోమా, అలాగే అనుకున్నాను. ప్రేమకు నేనే రాశాను. చెమట పట్టి ఉంటే తుడిచి, రెండు బుగ్గలకూ అద్ది, కుంకుమ దిద్ది కూర్చోబెట్టాను.

అది చిన్న తప్పు. పెద్దది ఇంకొకటి ఉంది.

"నంజమ్మా, కింది రెప్ప లాగి చూడు, ఎర్రగా ఉందా?" అన్నారు మీరు. లాగాను. ఎర్రగా లేదు అమ్మా. తొక్క తీసిన కొబ్బరి ముక్కలా ఉంది. నేను చూశాను. పక్కన కాళమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకుని నా నోటివైపే చూస్తోంది. బాలింత ఎదుట, పాలు తాగే బిడ్డ వినేటట్టు, "రక్తం లేదు, పాలిపోయింది" అని పైకి అనకూడదని మా అమ్మ నాకు నేర్పింది. అంటే అదే నిజమై కూర్చుంటుందని మా ఇళ్ళల్లో భయం. వాళ్ళు వెళ్ళాక మీకు విడిగా చెబుదామనుకుని, "బాగానే ఉందమ్మా" అన్నాను. తర్వాత వరుసగా తొమ్మిదిమంది వచ్చారు. మరిచిపోయాను.

మరిచిపోయాను అని రాయడం సులువుగా ఉంది. ఆ పిల్ల పడిపోయిన రోజు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పది రోజులు మీకు చెప్పలేదు. మొన్నటి ఉత్తరంలో మీరు తప్పంతా మీ మీద వేసుకుంటే చదువుతూ కూర్చున్నాను.

పద్దెనిమిదేళ్ళు అందరికీ ఇదే మాట చెప్పాను. సూది వేయించుకునే పిల్లలకు, కట్టు మార్పించుకునే ముసలివాళ్ళకు, మీ గదిలోంచి ఏడుస్తూ వచ్చేవాళ్ళకు. అప్పుడు ఆ మాటతో ఎవరికీ చేటు జరగలేదు, చూసేది మీరు కాబట్టి. ఇప్పుడు మీకు కళ్ళు నేనే అని నాకు తెలియలేదు.

మూసేయాల్సింది తెర కాదు. నన్ను తీసేయండి. బేరిగైలో గౌరి అని నర్సింగు చదివిన అమ్మాయి ఉంది. నెమ్మదస్తురాలు, చెయ్యి మంచిది. ఆమెను పెట్టుకుని క్లినిక్కు నడపండి. తాళం ఎవరికి ఇమ్మంటే వాళ్ళకు ఇస్తాను.

నంజమ్మ


కృష్ణగిరి,
సెప్టెంబరు 14.

నంజమ్మా,

నాలుగు వారాలు నీ ఉత్తరం బల్ల మీదే ఉంది. మొదటి వారం కోపమే. నీ చెయ్యి ఆ రెప్ప మీద ఉండగా చూశాను కదా, ఆ చేతిని నమ్మాను కదా అని. రెండో వారం నా మీద కోపం. పద్దెనిమిదేళ్ళు పక్కన పెట్టుకుని నీకు చూడడం నేర్పలేదు. ఒక్క పూటలో తెర బిగించి, నువ్వే నా కళ్ళు, నువ్వే నా చేతులు అన్నాను. ఏ డాక్టర్ అయినా కొత్త నర్సుకు నెల రోజులు నేర్పుతుంది. నీకు నేర్పక్కర్లేదనుకున్నాను, నువ్వు నాకు అలవాటైన మనిషివి కాబట్టి.

నీ తప్పు లేదు అనను. అంటే అది కూడా "బాగానే ఉందమ్మా" లాంటిదే అవుతుంది.

ఆ మాట నేనూ నీకు చెప్పాను నంజమ్మా. జూలైలో రాశాను చూడు, నా నడుము బాగానే ఉందని, కార్తీకానికి వస్తానని. నాకు మే నెలలోనే చెప్పేశారు. అరగంటకు మించి కారులో కూర్చోకూడదు, ఎప్పటికీ. వంగి ఎవరి కడుపూ నొక్కి చూడకూడదు. కెలమంగలం దారి నాకు ఇక లేదు. నీకు చెబితే ఆ రోజే క్లినిక్కు మూతపడినట్టు ఉంటుందని చెప్పలేదు. నువ్వు బాలింతను కాపాడబోయావు, నేను నిన్ను. ఇద్దరం ఒకే పని చేశాం.

కాబట్టి ఇప్పుడు మన ముందున్నది తెర మంచిదా, మనిషి వెళ్ళి చూడడం మంచిదా అని కాదు. తెరా, ఏమీ లేకపోవడమా. ఈ రెండు వారాల్లో తలుపు తట్టి వెళ్ళిపోయిన వాళ్ళ పేర్లు నువ్వు చీటీల కవరులో రాసి పంపావు. ముప్పై నాలుగు పేర్లు. వాళ్ళలో హోసూరు వెళ్ళింది ఎందరో మన ఇద్దరికీ తెలుసు.

డిసెంబరు దాకా మళ్ళీ చూద్దాం. గౌరి వద్దు. ఆ అమ్మాయికి నాడి తెలుస్తుంది, కాళమ్మ తెలియదు. కానీ నువ్వు చూసింది చూసినట్టు చెప్పాలి. పక్కన ఎవరున్నా, ఏ మంచిరోజైనా. పౌడర్ డబ్బా తీసెయ్. మంగళవారం నుంచి పేషెంట్లు రాకముందు ఒక గంట నేను నీకు పాఠం చెబుతాను.

ఇంకొక మాట. ప్రేమను నేను పిలవను. నువ్వూ వాళ్ళింటికి వెళ్ళి బతిమాలకు. ఆ పిల్ల తనంతట తాను వచ్చి నా ఎదుట కూర్చుంటే, ఈ పని కొనసాగిస్తాను. రాకపోతే డిసెంబరుతో ముగిస్తాను. ఎందుకు ఆమె మీదే పెట్టానని అడగకు. ప్రాణం మీదికి తెచ్చిన డాక్టర్ని వద్దనే హక్కు ఆమెది. ఆమె వద్దంటే, నాకు నేను సరేనని చెప్పుకోలేను.

ఉదయశ్రీ


కెలమంగలం,
అక్టోబరు 19, శనివారం.

డాక్టరమ్మకు నంజమ్మ రాస్తున్నది.

క్యాలెండర్ మీది చుక్క తుడిచాను. పసుపు కదా, పూర్తిగా పోలేదు.

మీరు రారని చదివిన రోజు గుడికి వెళ్ళలేదు. దేవుడి మీద అలిగాను. మరునాడు వెళ్ళి తప్పయిందని చెప్పుకున్నాను.

మీరు చెప్పిన పాఠాలన్నీ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. కానీ చూడడం కన్నా చెప్పడం కష్టంగా ఉంది. మంగళవారం ఒక పిల్లవాడి మెడలో గడ్డ తగిలిందని వాళ్ళమ్మ ఎదుట మీతో చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు ఇంకా కళ్ళలో ఉంది. "ఇంతకుముందు నంజమ్మ ఎంత మెత్తగా మాట్లాడేది" అని బయట అన్నదట. నాకు ఏడుపొచ్చింది. అయినా ఆమె పిల్లవాణ్ణి చూపించడానికి వెళ్ళింది, మామూలు గడ్డేనని చెప్పారట.

ఈ ఉత్తరం ముఖ్యంగా మునెమ్మ గురించి. దగ్గు ఎక్కువైంది, రాలేనని కబురు పంపింది. వాళ్ళింట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయి. అదే, పొర విడిచి లేవడాన్ని వీళ్ళు అలా అంటారు. ఈ వారం రోజులు అవి వాననీళ్ళు తాగినట్టు ఆకు తింటాయి. ఇంటి మనిషి గడప దాటడానికి లేదు. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు, పురుగుకు రోగం తగులుతుందని. నేను తెర తీసుకుని వాళ్ళింటికి వెళ్ళనా? క్లినిక్కు దాటి తీసుకెళ్ళడానికి మీ అనుమతి కావాలి.

ప్రేమ రాలేదు. మీరు చెప్పినట్టే నేను వెళ్ళలేదు. సంతలో ఎదురుపడితే ఆమె తల తిప్పుకుంది, నేను దించుకున్నాను.

మీ
నంజమ్మ


కృష్ణగిరి,
నవంబరు 9.

నంజమ్మా,

నన్ను చంకలో పెట్టుకుని మల్బరీ తోటల్లోంచి నువ్వు నడిచిన ఆ పావుగంట నాకు ఆకాశమూ నీ చీర అంచూ తప్ప ఏమీ కనబడలేదు. అయినా ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఊళ్ళోకి వచ్చినట్టనిపించింది. మునెమ్మ మొగుడు గుమ్మంలో ఆపి, "సున్నం నీళ్ళలో కాళ్ళు ముంచి రా నంజమ్మా. డాక్టరమ్మకు వద్దులే, ఆమెకు కాళ్ళు లేవు గదా" అన్నప్పుడు నువ్వు తెర మీద చెయ్యి అడ్డం పెట్టావు, నేను బాధపడతానని. నేను నవ్వుతున్నాను లోపల.

నిజంగా వచ్చి ఉంటే నన్ను ఆ పురుగుల ఇంట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. అది ఆలోచించు.

పన్నెండేళ్ళుగా మునెమ్మ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టాను. వీపు తట్టాను, ఎక్స్‌రేలు తీయించాను, సిరప్పులు మార్చాను. పురుగుల తట్టల వరుసల మధ్య వేసిన ఆ నులకమంచం మాత్రం ఎన్నడూ చూడలేదు. "యాడ పండుకుంటావు మునెమ్మా?" అని అడిగితే, "ఈడనేమ్మా. ఎలకలు పడతాయి పురుగులకి. పదేండ్లయింది ఈడ పండుకోబట్టి" అంది. నువ్వు తట్ట ఎత్తి చూపిస్తే సున్నపు పొడి పొగలా లేచింది. రాత్రంతా ఆమె పీల్చేది అదే. చేత్తో ముట్టి తెలుసుకోలేనిది కిటికీ సందులోంచి కనబడింది. జూలైలో నీకు రాసిన ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కొంచెమే.

నువ్వు "గోళ్ళు నీలంగా ఉన్నాయమ్మా, మాట మధ్యలో మూడుసార్లు ఊపిరికి ఆగింది" అన్నావు. మునెమ్మ "ఏం నంజక్కా, నా చావు చూస్తావా?" అని తిట్టింది. అయినా నువ్వు మాట మార్చలేదు. నేను మునెమ్మను పంపిన ఛాతీ డాక్టరు నిన్న ఫోన్ చేశాడు. ఇంకో ఏడాది అలాగే ఉంటే ఊపిరితిత్తులు పనికి రాకుండా పోయేవట. మంచం వసారాలోకి మార్చారా? మళ్ళీ వెళ్ళి చూడు. "మార్చినాం" అంటే నమ్మకు, మంచం చూపించమను.

కార్తిక్ మళ్ళీ అడిగాడు, గిట్టుతోందా అత్తా అని. ఆ ఒక్క మనిషికి నలభై నిమిషాలు పట్టింది, ఫీజు అడగడం నువ్వూ మరిచావు, నేనూ మరిచాను. ఆ కంపెనీవాళ్ళ పద్ధతిలో అయితే పదిమంది అయిపోయేవాళ్ళు. పని నాకు గిట్టుతోంది, నిద్ర పడుతోంది అన్నాను. తెర ఒక్కటే అయితే ఇది దండగ, నంజమ్మా. తెర వెనక నిజం చెప్పే మనిషి ఉంటే వేరే సంగతి. ఆ మనిషిని ఏ కంపెనీ ఇస్తుంది?

కానీ నా మాట మాటే. ప్రేమ రాలేదు. ఇంకో నెలన్నర ఉంది. రాదనే అనుకుంటున్నాను. రాకపోయినా ఆమె మీద మనసులో ఏమీ పెట్టుకోకు.

ఉదయశ్రీ


కెలమంగలం,
డిసెంబరు 7, శనివారం.

అమ్మా,

మంగళవారం జరిగింది మీకు తెలుసు. అయినా రాస్తున్నాను, మీరు విన్నారే గాని చూడలేదు కాబట్టి.

ఎనిమిదిమంది అయ్యాక ప్రేమ వచ్చింది. బిడ్డ చంకలో ఉంది, వెనక కాళమ్మ. టోకెన్ తీసుకోలేదు. "నాకు మందేం వద్దు నంజమ్మత్తా. అమ్మను రెండు మాటలు అడగాల, అంతే" అంది. కాళమ్మ, "డాక్టరమ్మతో నోరు చేస్తావా, లోకం ఏమంటాది?" అని కొంగు పట్టుకుని లాగుతోంది. నేను బిడ్డను తీసి కాళమ్మ చేతికిచ్చి, "బయట ఎండలో కూర్చో కాళమ్మా" అని తలుపు వేశాను. నా జీవితంలో ఒకరి ముఖాన తలుపు వేయడం అదే మొదలు.

ఆమె కూర్చోకుండానే అన్నది మీరు విన్నారు. "మూడుసార్లు చెప్పినానమ్మా, తల తిరగతా ఉండాది, కండ్లు చీకట్లు కమ్ముతా ఉండాయి అని. మీరు నా మాట యాడ విన్నారు? నా మొగం చూస్తా ఉండారు."

లైను తెగిందేమోనని దగ్గరికి వచ్చాను. తెగలేదు. మీరు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు. తర్వాత, "అవును ప్రేమా. అదే చేశాను. నంజమ్మా, నన్ను గోడవైపు తిప్పు. ముందు వింటాను" అన్నారు.

ఇక్కడినుంచి మీరు చూడనిది.

తెర తిప్పగానే ఆ పిల్ల బిత్తరపోయింది. పోట్లాడడానికి వచ్చిన మనిషికి ఎదుట మొహం లేకుండా పోయింది. నావైపు చూసింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి దూది చుట్టలు చుడుతూ నిలబడ్డాను. కిటికీ అద్దంలో కొంచెం కనబడుతూనే ఉంది, అది నా తప్పే. మొదట నిలబడే మాట్లాడింది, గట్టిగా. తర్వాత స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి స్టూలు కూడా వదిలి మీ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, తెర వీపుకు చెంప ఆనించింది. గొంతు తగ్గించింది. మీకు అది దగ్గరగా వినబడి ఉంటుంది.

కాన్పు అయినప్పటినుంచి రక్తం ఆగలేదని, రోజుకు ఐదారు గుడ్డలు మార్చుకుంటూ ఎవరూ చూడకుండా ఉతుక్కునేదాన్నని చెప్పింది కదా. ఆ మాట చెప్పేటప్పుడు కళ్ళు మూసుకుంది అమ్మా. పెద్దాసుపత్రిలో అడిగితే కూడా "కొంచెమే" అని చెప్పిందట, పక్కన అత్త ఉందని. మొహానికి మొహం చూస్తూ ఆమె అది చెప్పేది కాదు. తెరలోనూ చెప్పేది కాదు, మీ గదిలో మీ ఎదుట అయినా చెప్పేది కాదు. గోడకు చెప్పినట్టు చెప్పింది. గోడ అవతల మీరున్నారు.

చెప్పడం అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుంది. తానే తెరను ఇటు తిప్పింది. నేను తిప్పలేదు, అది మీకు తెలియాలి. రెండు చేతులతో, నిద్రపోయే బిడ్డను తిప్పినట్టు తిప్పింది.

మీరు రెప్ప చూడమన్నారు. అప్పటికి కాళమ్మ తలుపు తోసుకుని బిడ్డతో లోపలికి వచ్చేసింది. మళ్ళీ అదే గది. అదే బాలింత, అదే బిడ్డ, కాళమ్మ కళ్ళు నా నోటి మీద. దేవుణ్ణి తలచుకున్నాను. "ఇంకా తెల్లగానే ఉందమ్మా. నాలుక కూడా పాలిపోయే ఉంది" అన్నాను.

"నీ నోట మంచి మాటే రాదా నంజమ్మా? బిడ్డ ముందరే అనాల్నా?" అంది కాళమ్మ.

"మంచి మాట పోయినసారి చెప్పినాను కాళమ్మా" అన్నాను.

మీరు హోసూరు లేడీ డాక్టరుకు చీటీ చెబుతుంటే నేను రాస్తూ ఉన్నాను. కాళమ్మ బిడ్డను భుజానికి మార్చుకుని, రెండో చేతిని కోడలి వీపు మీద వేసింది. అది కూడా తెరకు అందలేదు, పక్కగా ఉంది. మరునాడు స్కానింగుకు వెంట వెళ్ళింది కాళమ్మే. లోపల మాయ ముక్క మిగిలిపోయిందట, శుభ్రం చేశారు. రక్తం ఆగింది. పరీక్షల కాగితాలు ఈ కవరులోనే పెట్టాను.

ప్రేమ ఆ రోజు వెళ్ళేముందు మీతో ఏమీ అనలేదు, మీ వైపు చూడలేదు కూడా. మీరు బాధపడ్డారేమో. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర నన్ను అడిగింది, "అమ్మ వచ్చే మంగళవారం రమ్మనింది. పొద్దున్నా, సందేళా?" అని.

వచ్చే మంగళవారం అని మీరే అన్నారు. ఆ మాట మీ నోటి నుంచి వచ్చిన సంగతి మీకు తెలుసో లేదో. డిసెంబరుతో ముగించే ఊసు నేను ఎత్తలేదు. పది గంటలకు రమ్మని చెప్పాను.

మీ
నంజమ్మ